ఒకే బెంగ్ బు, మూడు పాఠాంతరాలు

ప్రేయింగ్ మాంటిస్ (గొల్లభామ) కుంగ్‌ఫూలో బెంగ్ బు అనే ఒక్క ఫామ్‌ను, అంటే వరసగా పేర్చిన కదలికల కూర్పును, మూడు గురుపరంపరల్లో ఎలా చేస్తున్నారో పక్కపక్కన పెట్టి చూసిన పని ఇది. దీనికి కారణమైన ప్రశ్న, హాంకాంగ్‌లో ఉద్యోగం చేసుకుంటూ నా దగ్గర ప్రాక్టీసుకు వచ్చే వరంగల్ కుర్రాడు వేసింది. వీడియోల్లో చూసి నేర్చుకున్న వేరే బెంగ్ బు ఒకటి చేసి చూపించి, "అన్నా, మనం చేసేది తప్పా, ఇది తప్పా?" అన్నాడు. ఎవరి పద్ధతి వాళ్లది అని చెప్పి పంపేయొచ్చు. చాలామంది మాస్టర్లు అదే చెబుతారు. కానీ ఆ మాట నిజమో కాదో ఎదురుగా మనిషిని నిలబెట్టి పరీక్షించినవాళ్లు నాకు పెద్దగా తారసపడలేదు. తేడాల్లో కొన్ని నిజంగానే వేరే జవాబులు. కొన్ని నేర్పే పద్ధతి వల్ల వచ్చి చేరినవి. కొన్ని మాత్రం దారిలో ఎక్కడో జారిపోయినవి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే నేర్చుకునేవాడికి అన్యాయం జరుగుతుంది. అందుకే పట్టుబట్టి కూర్చున్నాం.

ఏ మాంటిస్, ఏ ఫామ్

పేరులో మాంటిస్ ఉన్నంత మాత్రాన అన్నీ ఒక కుటుంబం కావు. చౌ గార్, చూ గార్, జుక్ లమ్ అనే దక్షిణాది శాఖలు దక్షిణ చైనాలోని హక్కా అనే జనం మధ్య పెరిగిన విద్యలు. మోచేతులు లోపలికి పెట్టుకుని, చాలా దగ్గర నుంచి పోరాడే పద్ధతి వాటిది. వాటి ఫామ్‌లు వేరు, శిక్షణ వేరు. ఉత్తరాది మాంటిస్‌తో పేరు తప్ప చుట్టరికం లేదు. ఈ రెండింటి ఫామ్‌లను పోల్చి తేడాలు రాసుకుని లాభం లేదు.

ఉత్తరాది మాంటిస్‌కు పుట్టిల్లు షాన్‌డాంగ్ రాష్ట్రంలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన జియావోడాంగ్ ప్రాంతం. యాన్‌తాయ్, లైయాంగ్, హైయాంగ్, చింగ్‌దావ్, ఇవీ దాని ఊళ్లు. గొల్లభామ పురుగు కీచురాయిని ఒడిసిపట్టడం చూసి వాంగ్ లాంగ్ అనే వీరుడు ఈ విద్యను కనిపెట్టాడని కథ. ఆయన ఏ కాలంవాడన్నది ఒక్కో శాఖ ఒక్కో రకంగా చెబుతుంది. చరిత్రకు గట్టిగా దొరికే పెద్దల్లో లియాంగ్ షుయేషియాంగ్ ముఖ్యుడు, 1810లో పుట్టి 1895 దాకా ఉన్నాడు. ఆయన పరంపరకు పునాదిగా నిలిచిన ఫామ్‌లు బెంగ్ బు, లువాన్ జియే, బా జౌ. 2008లో చైనా ప్రభుత్వం జాతీయ వారసత్వ విద్యల జాబితాలో మాంటిస్‌ను లైయాంగ్ పేరు మీదే చేర్చింది.

ఉత్తరాదిలో కూడా అన్ని శాఖలనూ పోల్చలేం. సిక్స్ హార్మనీ మాంటిస్ వాళ్లకు బెంగ్ బు అనే ఫామే లేదు. వాళ్ల ఫామ్‌ల వరస వేరు, చేతిని కొక్కెంలా వంచడం కూడా వాళ్లలో అరుదు. ఎయిట్ స్టెప్ శాఖలో పాదాల నడకే బాగువా (గుండ్రంగా నడిచే మరో చైనా యుద్ధవిద్య) వైపు మళ్లిపోయింది కాబట్టి, అక్కడ కనిపించే తేడా ఫామ్‌దా నడకదా అని విడదీయడం కష్టం. అందువల్ల సెవెన్ స్టార్, ప్లమ్ బ్లాసమ్ కుటుంబాల దగ్గరే ఆగాం. రెండింటిలోనూ బెంగ్ బు ఉంది. రెండింటిలోనూ కొత్తవాళ్లకు త్వరగానే నేర్పుతారు. చిన్న ఫామ్ కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఏదీ వదలకుండా చూడవచ్చు.

మూడు పాఠాలు ఎక్కడివి

మొదటిది నేను నేర్చుకున్న హాంకాంగ్ సెవెన్ స్టార్. ఇక్కడ కాంటనీస్‌లో దీన్ని బంగ్ బో అంటారు. యాన్‌తాయ్‌లో ఫాన్ షూదోంగ్ దగ్గర నేర్చుకున్న లుయో గ్వాంగ్‌యూ 1919లో షాంఘై చేరి, చిన్ వూ సంఘంలో మాంటిస్ నేర్పడం మొదలుపెట్టారు. ఆయన ద్వారా, ఆయన శిష్యుల ద్వారా ఈ శాఖ దక్షిణాదికి, హాంకాంగ్‌కు వచ్చింది. ఇక్కడ చిన్ వూ గురించి ఒక మాట చెప్పాలి. 1910లో మొదలైన ఆ సంఘం, గురువు ఇంటి పెరట్లో నలుగురైదుగురు నేర్చుకునే విద్యను ఊరందరికీ తెరిచిన హాలులోకి తెచ్చింది. విద్యార్థులు వరసల్లో నిలబడేవాళ్లు, మాస్టర్ లెక్క పెడితే అందరూ ఒక్కసారిగా కదిలేవాళ్లు. ఏ శాఖ నేర్చుకున్నా ముందు ఉమ్మడి ఫామ్‌లు కొన్ని పూర్తి చేయాలి. వాటిలో గోంగ్ లీ చువాన్ లాంటివి ఈనాటికీ హాంకాంగ్ సెవెన్ స్టార్ బడుల్లో మాంటిస్ ఫామ్‌ల సరసన కూర్చుని ఉన్నాయి. తర్వాతి తరంలో వాంగ్ హాన్ ఫన్ ఇక్కడే ఫామ్‌లను ఫోటోలతో పుస్తకాలుగా అచ్చు వేయించారు. విద్య నిలబడటానికి ఆ పుస్తకాలు చేసిన మేలు ఎంతో ఉంది. అయితే ఫోటో కదలిక ముగిసిన భంగిమనే చూపిస్తుంది. చెయ్యి అక్కడికి ఏ దారిలో వచ్చిందో చెప్పలేదు. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది.

రెండోది యాన్‌తాయ్‌లోనే ఉండిపోయిన సెవెన్ స్టార్. ఫాన్ షూదోంగ్ శిష్యుల్లోనే లిన్ జింగ్‌షాన్ లాంటివారు సొంత ప్రాంతంలో నేర్పారు. ఆ వైపు నేర్చుకుని, పిల్లల దగ్గర ఉండటానికి హాంకాంగ్ వచ్చిన ఒక పెద్దాయన తన బెంగ్ బు మాకు చేసి చూపించారు. ఓపిగ్గా, అడిగినన్నిసార్లు.

మూడోది లైయాంగ్ ప్లమ్ బ్లాసమ్. జియాంగ్ హువాలోంగ్ పరంపరలో లీ కున్‌షాన్, వాంగ్ యూషాన్, చుయ్ షౌషాన్ అనే ముగ్గురిని 'లైయాంగ్ మూడు కొండలు' అని గౌరవంగా పిలుస్తారు. ఆ ప్రాంతంలో చిన్నప్పటి నుంచి నేర్చుకున్న ఒకామె కౌలూన్ పార్కులో ఆదివారాలు నాతో కలిసి ప్రాక్టీసు చేస్తుంది. ఈ పనిలో సగం ఆమెదే.

రెండు పాఠాలతో సరిపెట్టకుండా మూడోదాని కోసం వెతకడానికి కారణం ఉంది. హాంకాంగ్, లైయాంగ్ మధ్య ఒక తేడా కనిపించిందనుకోండి. అది సెవెన్ స్టార్, ప్లమ్ బ్లాసమ్ కుటుంబాల మధ్య తేడానా, లేక షాంఘై మీదుగా హాంకాంగ్ వచ్చే దారిలో పుట్టిందా? రెండు పాఠాలతో తేలదు. యాన్‌తాయ్ పాఠం మధ్యలో పెడితే దారి కనిపిస్తుంది. యాన్‌తాయ్, హాంకాంగ్ ఒకటై లైయాంగ్ వేరైతే అది కుటుంబ లక్షణం. యాన్‌తాయ్, లైయాంగ్ ఒకటై హాంకాంగ్ ఒక్కటే వేరుగా ఉంటే, మార్పు ఇల్లు దాటాక వచ్చి ఉండాలి. త్యాగరాజస్వామి కృతిని వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యుల పాఠాంతరాల్లో విని పోల్చేవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

లెక్కకు హద్దు కూడా ఉంది. యాన్‌తాయ్, లైయాంగ్ దగ్గరి ఊళ్లు. అక్కడి మాస్టర్లు ఒకరి విద్య ఒకరు చూశారు, ఒకరి శిష్యులు ఇంకొకరి దగ్గరికి వెళ్లారు. కాబట్టి ఆ రెండు పాఠాలు కలిసినంత మాత్రాన అదే పాతదని తీర్పు చెప్పలేం. పొరుగు నుంచి తెచ్చుకున్నదీ అయి ఉండొచ్చు. అందుకే పుట్టుక గురించి ఎక్కడ మాట్లాడినా అంచనాగానే చెబుతున్నాను. పనితనం గురించి మాత్రం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే దాన్ని ఒంటి మీద పరీక్షించాం.

పోల్చిన పద్ధతి

భంగిమకు భంగిమ ఎదురు పెట్టి పోల్చడం మేం మొదట్లోనే మానేశాం. అలా చేస్తే పాదం కాస్త అటు, చెయ్యి కాస్త ఇటు అని తేడాల చాంతాడు తయారవుతుంది తప్ప ఏమీ తెలియదు. పేర్లు పట్టుకున్నా చిక్కే. ఒకే పేరుకు రెండు చోట్ల రెండు కదలికలు ఉంటాయి, ఒకే కదలికకు రెండు పేర్లు ఉంటాయి. అందుకని ఫామ్‌ను ముక్కలుగా విడగొట్టాం. ఎదుటివాడి చెయ్యి తగలడం, దాన్ని పట్టులోకి తీసుకోవడం, దెబ్బ పడటం. ఈ మూడూ కలిస్తే ఒక ముక్క. ఒక్కో ముక్కలో నాలుగు సంగతులు రాసుకున్నాం: చేతులు చేసే పని, అడుగు ఎక్కడ పడుతోంది, బరువు ఏ కాలి మీద ఉంది, అడుగుకీ దెబ్బకీ మధ్య ఎంత ఎడం ఉంది. చేతుల పనికి మాంటిస్ వాళ్లు తరతరాలుగా వాడే సూత్రపదాలే వాడాం. గౌ అంటే కొక్కెంతో తప్పించడం, లౌ అంటే లాగి పట్టడం, త్సాయ్ అంటే తెంపినట్టు కిందికి గుంజడం. శాఖ ఏదైనా ఈ పదాలు ఉమ్మడి కాబట్టి మాటల దగ్గర గొడవ రాలేదు.

ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి రెండు ఫోన్లు పెట్టి వీడియో తీశాం. ముందు నుంచి చూస్తే చేతుల దారి తెలుస్తుంది. అడుగు, దెబ్బ ఒకేసారి పడుతున్నాయా లేదా అన్నది పక్క నుంచే తెలుస్తుంది. ఆ తర్వాత అసలు పరీక్ష. ప్రతి ముక్కనూ మనిషి మీద పెట్టి చూశాం. మొదట ఎదుటివాడు చెయ్యి చాపి ఊరికే ఉంటాడు. తర్వాత చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. ఆ పైన గ్లోవ్స్ వేసుకుని రెండో చేత్తో కొట్టడానికి కూడా చూస్తాడు. ఊరికే ఉన్నవాడి మీద ఏ పాఠమైనా అద్భుతంగానే పనిచేస్తుంది. అక్కడితో ఆపేసి మా ఫామ్ పనిచేస్తోందని చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

గౌ, లౌ, త్సాయ్: లెక్కలో వచ్చిన తేడా

మూడు పాఠాల్లోనూ ఉన్న ముక్క ఇది. మాంటిస్‌కు ప్రాణం కూడా ఇదే. ఎదుటివాడు కుడి చేత్తో నేరుగా పంచ్ విసిరాడు. నా ఎడమ చెయ్యి కొక్కెంలా వంగి దాన్ని పక్కకు తప్పిస్తుంది. కుడి చెయ్యి వచ్చి మణికట్టు అందుకుని లాగుతుంది. ఎడమ చెయ్యి వదిలి మళ్లీ అదే చేతిని మోచేతి దగ్గర పట్టి కిందికి గుంజుతుంది. కుడి పిడికిలి దూసుకుపోతుంది. చేతుల పని మూడు చోట్లా ఒకటే.

తేడా అంతా తాళంలో ఉంది. హాంకాంగ్ పాఠంలో, నేను నేర్చుకున్న రూపంలో, ఇవి స్పష్టంగా మూడు లెక్కల తాళం. ఒకటికి గౌ, రెండుకు లౌ, మూడుకు త్సాయ్, ఆ చివరి లెక్క మీద అడుగు వచ్చి కూర్చుంటుంది, ఆపైన పంచ్. లైయాంగ్ పాఠంలో గౌ తగిలేసరికే అడుగు లోపలికి పడిపోతుంది. లౌ, త్సాయ్ రెండూ ఒకే గుంజుగా కలిసిపోతాయి. ఆ గుంజులో ఉండగానే పంచ్ చేరుతుంది. యాన్‌తాయ్ పెద్దాయన చేసినప్పుడు మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన స్టాన్స్ (కాళ్లు పెట్టి నిలబడే తీరు) నాది, తాళం లైయాంగ్ ఆమెది.

అంటే స్టాన్స్ సెవెన్ స్టార్ కుటుంబానిది. మూడు లెక్కల తాళం మాత్రం బహుశా దారిలో చేరింది. వరసల్లో నిలబెట్టి లెక్క పెడుతూ నేర్పే హాలులో ఒక కదలికకు ఒక అంకె రావడం సహజమని నా అంచనా. ఫోటోల పుస్తకం కూడా ప్రతి చేతిపనినీ ఒక్కో భంగిమగా నిలబెడుతుంది.

మనిషి మీద పెట్టి చూస్తే ఫలితం తేటతెల్లంగా వచ్చింది. ఎదుటివాడు చెయ్యి లాక్కోవడం మొదలుపెట్టగానే మూడు లెక్కల తాళం రెండో లెక్క దగ్గరే విరిగిపోయింది. నా చేతులు వరస పూర్తి చేస్తున్నాయి, కానీ అక్కడ పట్టుకోవడానికి చెయ్యి లేదు. కలిపి చేసే తాళంలో అతను లాక్కునేలోపే అడుగు లోపలికి వెళ్లిపోయింది కాబట్టి, లాక్కున్నా నా పంచ్ వెంటే వెళ్లింది.

ఇక్కడితో ఆపి హాంకాంగ్ పాఠం చెడిపోయిందని రాసేసుంటే తప్పు నిర్ణయం అయ్యేది. కొత్తగా చేరినవాళ్లతో రెండు తాళాలూ నేర్పి చూశాం. మొదటి నుంచి కలిపి నేర్చుకున్నవాళ్ల త్సాయ్ చెయ్యి ఎక్కడ పడితే అక్కడ పడింది, ముంజేతి మధ్యలో, ఒక్కోసారి మణికట్టు మీద. మూడు లెక్కల్లో నేర్చుకున్నవాళ్ల చెయ్యి మోచేతికి బెత్తెడు పైన, బయటి వైపు నుంచి సరిగ్గా కూర్చుంది. ఆ చోటు చాలా ముఖ్యం. మోచేతికి పైన పట్టు పడితే ఎదుటివాడు మోచెయ్యి మడిచి నా మొహం మీదికి తిప్పలేడు, అతని భుజం కూడా కిందికి వంగుతుంది. ముంజేయి మధ్యలో పట్టుకుంటే, నేను గుంజిన ఊపే అతనికి మోచేతి దెబ్బ కొట్టడానికి సాయం చేస్తుంది. నా పెదవి మీద ఒకసారి ఆ మోచెయ్యి తగిలింది కూడా.

కాబట్టి మూడు లెక్కలను నేర్పే మెట్టుగా చూడాలి. ఆ మెట్టు మీదే ఆగిపోతే ఫామ్ సగంలో ఉన్నట్టు. హాంకాంగ్‌లో పాత విద్యార్థులు కొందరు ఫామ్ వేగంగా చేసేటప్పుడు తెలియకుండానే లెక్కలు కలిపేస్తున్నారని వీడియోలు మళ్లీ చూసినప్పుడు గమనించాం. విద్య పోలేదు. కలపాలి అని నోటితో చెప్పడం ఎక్కడో ఆగిపోయింది.

మడమ మీద కాలు

సెవెన్ స్టార్ స్టాన్స్ అంటే బరువు వెనక కాలి మీద ఉంచి, ముందు కాలి మడమ నేలకు ఆనించి, వేళ్లు పైకి ఎత్తడం. చూసేవాళ్లకు ఇది అలంకారంగా కనిపిస్తుంది. అసలు పని ఎదుటివాడి ముందు కాలి మడమ వెనక్కి మన పాదం చేర్చి, వేళ్లతో కొక్కెం వేసి, మన పిక్క ఎముకతో అతని కాలిని నొక్కడం. పైన చేతులు కిందికి గుంజుతున్నప్పుడు కింద కాలు కదలనివ్వదు. మనిషి పడిపోతాడు, లేకపోతే మోకాలి మీదికి వస్తాడు.

యాన్‌తాయ్, హాంకాంగ్ రెండింటిలోనూ ఈ చోట ఇదే స్టాన్స్ ఉంది. లైయాంగ్ పాఠంలో దీనికి బదులు కొండెక్కే స్టాన్స్, అంటే ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి, బరువు ముందుకు వేయడం. ఆమె అడుగు నా కాలి వెనక్కి పూర్తిగా దాటిపోయి, తొడతో తొడను తోస్తుంది. ఈ రెంటినీ ఎంతసేపు పరీక్షించినా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని తేలలేదు. ఎదుటివాడు వెనక్కి జరుగుతుంటే సెవెన్ స్టార్ కాలు అందుకుంటుంది, కొండెక్కే స్టాన్స్‌కు అతను దొరకడు. ఎదుటివాడు మీదికి తోసుకొస్తుంటే పరిస్థితి తిరగబడుతుంది. వెనక కాలి మీద బరువున్నవాణ్ణి అతను తోసేస్తాడు, ఆమె స్టాన్స్ మాత్రం ఆ తోపునే వాడుకుని పడగొడుతుంది. ఒకే ప్రశ్నకు రెండు కుటుంబాలు ఇచ్చిన రెండు మంచి జవాబులు ఇవి. శాఖల మధ్య తేడా అంటే నాకు ఇలాంటిదే గుర్తుకొస్తుంది, దీన్ని చెరిపేసి ఒకటి చేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోను.

అయితే హాంకాంగ్, యాన్‌తాయ్ మధ్య కూడా చిన్న తేడా ఒకటి బయటపడింది. నా అడుగు పొడుగు. పెద్దాయన అడుగు పొట్టి. నాది కిందికి దిగి, చాచి, ఫోటోకు అందంగా ఉంటుంది. కానీ కాలు అంత దూరం చాచితే తుంటి వెనకబడిపోతుంది, కొక్కెంలో బలం ఉండదు. పెద్దాయన పక్కన నిలబడి నా అడుగు సుమారు అరపాదం తగ్గించగానే ఎదుటివాడి కాలు నేల నుంచి లేచొచ్చింది. ఇది కుటుంబ లక్షణమూ కాదు, వేరే జవాబూ కాదు. ప్రదర్శనల కోసం పొడుగైన అడుగు, అంతే. నేనిప్పుడు పొట్టి అడుగే నేర్పుతున్నాను.

చప్పుడు

తల పక్క నుంచి తిప్పి కణత మీద కొట్టే గుండ్రటి పంచ్ మూడు పాఠాల్లోనూ ఉంది. కొడుతున్నప్పుడు రెండో చెయ్యి ఎదుటివాడి చేతిని మూసి ఉంచాలి. హాంకాంగ్ పాఠంలో ఆ రెండో చెయ్యి నా సొంత ముంజేతిని ఠప్పున చరుస్తుంది. హాలంతా ఒక్కసారి చరిస్తే వినడానికి గొప్పగా ఉంటుంది, పిల్లలకు భలే ఇష్టం. యాన్‌తాయ్ పాఠంలో చెయ్యి తాకుతుంది గానీ చప్పుడు లేదు. లైయాంగ్ పాఠంలో తాకడం కూడా లేదు, అరచెయ్యి ముందు గాలిలో నిలబడి ఉంటుంది.

ఇద్దరు మనుషులుగా చేసి చూస్తే చరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమైంది. ఎదుటివాడు ఉంటే నా అరచేతికీ నా ముంజేతికీ మధ్య అతని చెయ్యి ఉంటుంది. ఒంటరిగా చేసినప్పుడు ఆ చెయ్యి లేదు కాబట్టి అరచెయ్యి వచ్చి నా ముంజేతికే తగులుతుంది. తగలడం సహజం. తగిలిన చోట చప్పుడు రావాలని పట్టుబట్టడంతో చెయ్యి దారి తప్పింది. గట్టిగా చరచాలంటే అరచెయ్యి ఒంటి మధ్యగీతను వదిలి నా వైపుకు రావాలి. అప్పుడు ఎదుటివాడి చెయ్యి విడుదలైపోతుంది. పెద్దాయన ఒకే మాట అన్నారు: "చప్పుడు నీ చేతిది. నీకు కావలసింది వాడి చెయ్యి."

ఇదొక్కటి నేను నష్టం కిందే రాసుకున్నాను. చరుపు వల్ల లాభం ఉందని, అది తగలాల్సిన క్షణం నేర్పుతుందని వాదించేవాళ్లున్నారు. మెల్లగా తాకినా ఆ క్షణం తెలుస్తుంది.

మిగతావి

మోకాలు ఎత్తే చోటు ఒకటి ఉంది. హాంకాంగ్ పాఠంలో మోకాలు ఎత్తి దించేస్తాం. మిగతా రెండింటిలో ఆ మోకాలు విచ్చుకుని పిక్క ఎత్తున తన్ను అవుతుంది. తన్ను ఎందుకు ముడుచుకుపోయిందో ఊహించను. ఎత్తిన మోకాలిలో తన్ను దాగి ఉందని తెలిశాక ఆ చోటికి అర్థం వచ్చింది, అప్పటిదాకా అది నాకు ఒంటికాలి మీద బ్యాలెన్స్ చూపించే చోటుగానే ఉండేది. ఇక ఫామ్ చివర హాంకాంగ్ పాఠం మొదలైన చోటికే తిరిగి వస్తుంది, లైయాంగ్‌ది రాదు. తిరిగి రావడానికి మధ్యలో ఒక మలుపు అదనంగా ఉంది. వరసల్లో చేసేవాళ్లకు అది కావాలి, చేతుల పనికి దానితో సంబంధం లేదు. పక్కన పెట్టేశాం.

కుర్రాడి మోకాలు

వరంగల్ కుర్రాడు వీడియోల్లో నేర్చుకున్నది ఏ ఒక్క పాఠమూ కాదని ఈ పని మధ్యలో తెలిసింది. పొడుగాటి సెవెన్ స్టార్ అడుగు ఒకచోటి నుంచి తీసుకున్నాడు. నడుం తిప్పి ఒకే గుంజులో కొట్టే తాళం ఇంకోచోటి నుంచి తీసుకున్నాడు. చూడటానికి చాలా బాగుంది. నాకూ మొదట నచ్చింది. కొన్నాళ్లకు ముందు కాలి మోకాలు లోపలి వైపు నొప్పి అన్నాడు.

పక్క నుంచి తీసిన వీడియో నిదానంగా చూస్తే కారణం దొరికింది. లైయాంగ్ పాఠంలో నడుం అంత బలంగా తిరిగేటప్పుడు ముందు పాదం మొత్తం నేల మీద ఉంటుంది, మోకాలు వంగి వేళ్ల దిక్కుకే పోతుంది. తిప్పుడు పాదం దాకా దిగిపోతుంది. సెవెన్ స్టార్‌లో పాదం మడమ మీద గుచ్చి ఉంటుంది, కాలు దాదాపు చాచి ఉంటుంది. అక్కడ నడుం తక్కువ తిరుగుతుంది, బలం కిందికి గుంజడంలో ఉంటుంది. వీడు చాచిన కాలి మీద పెద్ద తిప్పుడు పెట్టాడు. తిరగడానికి పాదం ఒప్పుకోదు, నడుం ఆగదు, మధ్యలో ఉన్న మోకాలు ఆ మెలికంతా తీసుకుంది. డాక్టరుకు చూపించుకున్నాడు, కొన్ని వారాలు ఫామ్ ఆపేశాడు. నొప్పి తగ్గాక ఒకే పాఠం, పొట్టి అడుగుతో మొదలుపెట్టాం. మళ్లీ నొప్పి రాలేదు.

పాఠాంతరాలు పోల్చేవాళ్లందరికీ ఈ సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఒక పాఠంలో స్టాన్స్, తాళం, నడుం, చేతులు ఒకదానికొకటి సర్దుకుని తరతరాలుగా నిలబడ్డాయి. ఒక ముక్క బాగుందని పీకి వేరేచోట పెడితే, దానికి ఆసరాగా ఉన్న మిగతావి వెంట రావు. పోల్చడం అర్థం చేసుకోవడానికి. నచ్చినవి ఏరి కొత్త ఫామ్ కుట్టుకోవడానికి ఇది దారి కాదు, కనీసం నేర్చుకునే దశలో ఉన్నవాళ్లకు కాదు.

ఏం మార్చాం, ఏం మార్చలేదు

నా దగ్గర ఫామ్ వరస మారలేదు. మూడు లెక్కలతోనే మొదలుపెడతాం. చెయ్యి మోచేతి పైన తడబడకుండా కూర్చుంటోందని చూశాక లెక్కలు కలిపి చేయిస్తాను, కలపాలని నోటితో చెబుతాను. అడుగు పొట్టిది చేశాను. చరుపు తీసేసి తాకడం మాత్రం ఉంచాను. మోకాలు ఎత్తే చోట ఫామ్‌లో తన్ను పెట్టలేదు. ఇద్దరు చేసే డ్రిల్‌లో మాత్రం తన్ను ఉంది. ఫామ్ నాకు అప్పగించిన సొత్తు, దాన్ని వచ్చినట్టుగానే తర్వాతివాళ్లకు ఇవ్వాలని నా నమ్మకం. అడుగు కొలత, చప్పుడు లాంటివి చేసే తీరుకు సంబంధించినవి, వాటిని దిద్దుకోవచ్చు. కదలికను చేర్చడం వేరే సంగతి.

లైయాంగ్ ఆమె దీనికి ఒప్పుకోదు. తన్ను ఉందని రెండు పాఠాలు సాక్ష్యం చెబుతుంటే ఫామ్‌లోనే పెట్టాలని, లేకపోతే డ్రిల్ నేర్చుకోని విద్యార్థి దాన్ని ఎప్పటికీ పోగొట్టుకుంటాడని ఆమె వాదన. ఆమె పరంపరలో అర్థం తెలిసిన మాస్టర్ ఫామ్‌ను దిద్దడం కొత్త కాదు. ఆమె మాటలో బలం ఉంది. నా దగ్గర డ్రిల్ మానేసి ఫామ్ ఒక్కటే చేసుకుపోయే విద్యార్థులు లేకపోలేదు. అయినా ఇప్పటికి నా నిర్ణయం ఇదే. మూడు పాఠాల వీడియోలు, ముక్కల పట్టిక రెండూ విద్యార్థులందరికీ ఇచ్చేశాను, తన్ను ఎక్కడ ఉండాలో అందులో రాసి ఉంది.

తర్వాత చూస్తున్నది ఝాయ్ యావ్, ఆరు భాగాల పెద్ద ఫామ్. ప్లమ్ బ్లాసమ్ వాళ్లకు అది తలమానికం. బెంగ్ బులో గౌ, లౌ, త్సాయ్ ముక్క ఉన్న తీరే వేర్వేరు స్టాన్సుల మీద అందులో మళ్లీ మళ్లీ వస్తోంది. ఒకే ముక్క ఒకే పరంపర లోపల ఇన్ని రూపాల్లో ఉంటే, మేం శాఖల మధ్య తేడా అని రాసుకున్న వాటిలో ఎన్ని నిజంగా శాఖలవో మళ్లీ చూడాల్సి వస్తుంది. కాలి విషయంలో ముఖ్యంగా. మొదటి భాగం వీడియోలు తీశాం, ముక్కలుగా విడగొట్టే పని నడుస్తోంది.